తెర వెనక నాలుగు పెట్టెలు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనకో సామెత. పుస్తకం గురించో సినిమా గురించో వాదన ముదిరి, ఎవరూ వెనక్కి తగ్గరని తేలిపోయాక, ఎవరో ఒకరు ఈ మాట అనేసి టీకి లేస్తారు. నేనూ చాలాసార్లు అలా లేచినవాణ్ణే. అప్పుడప్పుడు సమీక్షలు రాసే నాలాంటివాడికి ఈ సామెత మంచి గొడుగు. "నాకు నచ్చింది, మీకు నచ్చకపోవచ్చు" అన్నాక ఇంక అడిగేవాళ్ళుండరు.

ఆ గొడుగుకి చిల్లు పెట్టిన పుస్తకం గురించి ఈ వ్యాసం. అది సాహిత్యం కాదు. లౌడ్‌స్పీకర్ల గురించి ఫ్లాయిడ్ టూల్ రాసిన 'సౌండ్ రీప్రొడక్షన్'. మొదటిసారి 2008లో వచ్చింది. బాగా తిరగరాసిన మూడో కూర్పు 2017లో వచ్చింది. అయిదువందల పేజీలకి అటూఇటూగా ఉంటుంది, పేజీ తిప్పితే గ్రాఫు. ఇంజనీర్లకీ, స్టూడియోలు కట్టేవాళ్ళకీ, పాటలు వినే పిచ్చి ముదిరినవాళ్ళకీ ఉద్దేశించింది. నేను మూడో రకం.

ఇది నా చేతికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక జత నిలువు స్పీకర్లు కొన్నాను. ఛాతీ ఎత్తు, ముదురు చెక్క రంగు, ఒక్కోటీ ఇద్దరు పట్టాల్సిన బరువు. ధర ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఇంట్లోవాళ్ళు కూడా చదువుతారు. షాపులో ఏసీ చల్లగా ఉంది. దీపాలు తగ్గించారు. కాఫీ ఇచ్చారు. ఎవరో ఆవిడ గిటార్ మీద పాడుతుంటే మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది. ఇంటికి తెచ్చుకున్నాక నెలరోజులపాటు కనబడ్డవాళ్ళందరికీ ఆ స్పీకర్ల 'లోతు' గురించి చెప్పాను. అక్కావాళ్ళు వచ్చినప్పుడు బావకీ వినిపించాను. ఆయన పాట పూర్తయ్యేదాకా ఆగి, "బాగున్నాయిరా. ఇంతకీ నువ్వు పాట విని కొన్నావా, ధర విని కొన్నావా?" అన్నాడు. వెళ్ళిన వారానికి ఈ పుస్తకం పంపించాడు.

*

కొలతలంటే మనకున్న అనుమానం ఊరికే రాలేదు. టూ-ఇన్-వన్‌ల కాలం గుర్తున్నవాళ్ళకి 'పీఎంపీఓ' అనే నాలుగక్షరాలు గుర్తుండే ఉంటాయి. అరచేయంత స్పీకరున్న డబ్బా మీద వెయ్యి వాట్లు, రెండువేల వాట్లు అని పెద్దక్షరాల్లో ఉండేది. ఆ అంకె ఎలా కట్టాలో అందరూ ఒప్పుకున్న లెక్క ఏదీ లేదు, కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు వేసుకున్నారు. ఇప్పటికీ చాలా స్పీకర్ల అట్టపెట్టెల మీద '20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు' అని ఉంటుంది. మనిషి చెవికి వినబడే మొత్తం మేర అది. కానీ ఆ మేరలో ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో, ఏది నీరసంగా వస్తుందో చెప్పకపోతే ఆ మాటకి అర్థం లేదు. ఈ బస్సు విజయవాడ మీదుగా వెళ్తుంది అన్నారేగానీ, అక్కడ ఆగుతుందో లేదో చెప్పలేదన్నమాట.

ఇలాంటి అంకెలు చూసీ చూసీ, సంగీతం వినేవాళ్ళలో ఒక నమ్మకం గట్టిపడింది: కొలతలు వేరు, వినడం వేరు, చివరికి చెవి చెప్పిందే నిజం. వినడానికి ఇది కవిత్వం వైపు నిలబడ్డ మాటలా ఉంటుంది. మనలాంటివాళ్ళకి వెంటనే నచ్చుతుంది. టూల్ పుస్తకం ఈ నమ్మకాన్ని ఎదుర్కొనే తీరు మాత్రం నేననుకున్నట్టు లేదు. 'చెవిని నమ్మకండి, యంత్రాన్ని నమ్మండి' అని ఎక్కడా అనడు. చెవినే నమ్ముదాం, కానీ అప్పుడు నిజంగా చెవినే నమ్మాలి, పక్కన కళ్ళని కూర్చోబెట్టకూడదు అంటాడు.

టూల్ కెనడావాడు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో మనకెలా తెలుస్తుందన్న విషయం మీద లండన్ ఇంపీరియల్ కాలేజీలో పరిశోధన చేసి, 1965లో ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో చేరాడు. అది ప్రభుత్వ సంస్థ. అక్కడ ప్రతిధ్వని అసలు లేని గది ఒకటుంది. ఆ గదిలో పెట్టి కొన్ని హైఫై స్పీకర్లని కొలిచాడు. అవే స్పీకర్లని తెర వెనక పెట్టి, తోటి ఉద్యోగులకి వినిపించి మార్కులు వేయమన్నాడు. కొలతల్లో గీత నునుపుగా వచ్చినవాటికే విన్నవాళ్ళూ ఎక్కువ మార్కులు వేశారు. ఆ గీతలు వాళ్ళు చూడలేదు. పెట్టెలూ చూడలేదు. ఈ పని ఇరవై ఏళ్ళు సాగి 1985, 1986ల్లో పెద్ద పరిశోధన వ్యాసాలుగా వచ్చింది. 1991లో ఆయన హర్మన్ అనే ఆడియో కంపెనీకి వెళ్ళి 2007 దాకా అక్కడే పనిచేశాడు.

*

ఆ కంపెనీలో టూల్, షాన్ ఒలివ్ కలిసి చేసిన ఒక ప్రయోగం 1994లో ప్రచురించారు. ఈ పుస్తకంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన పేజీలు అవే.

నాలుగు రకాల స్పీకర్లు. రెండు పెద్దవి, ఖరీదైనవి, చూడటానికి ఒకేలా ఉన్నవి, లోపలి సర్దుబాటులో మాత్రం కాస్త తేడా ఉన్నవి. ఒకటి పోటీ కంపెనీది. నాలుగోది చిన్నది, చవకది, చూస్తే బొమ్మలా ఉండేది. విన్నవాళ్ళు 40 మంది, అందరూ ఆ కంపెనీ ఉద్యోగులే. ఒకసారి తెర వెనక ఉంచి వినిపించారు, ఇంకోసారి ఎదురుగా పెట్టి వినిపించారు. తెర ఉన్నప్పుడు చిన్న స్పీకరు పెద్దవాటికి దగ్గరదగ్గరగా నిలబడింది. తెర తీసేసరికి పెద్దవి పైకెళ్ళాయి, చిన్నది కిందపడింది. స్పీకర్లు తయారుచేసే చోట పనిచేసేవాళ్ళే అలా మార్కులు వేశారు.

ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. చూపు తీర్పుని వంచుతుందని మనకి తెలుసు. నేను ఊహించనిది తర్వాత ఉంది. స్పీకరుని గదిలో ఒక చోటునుంచి ఇంకో చోటికి జరిపితే శబ్దం నిజంగానే మారుతుంది. పాట మారితే స్పీకరులోని ఫలానా లోపం బయటపడటమో దాక్కోవడమో జరుగుతుంది. తెర వెనక విన్నప్పుడు ఈ మార్పులకి తగ్గట్టు మార్కులు మారాయి. చూస్తూ విన్నప్పుడు అదే మనుషుల మార్కులు దాదాపు కదల్లేదు. అంటే చూపు వాళ్ళ అభిప్రాయాన్ని ఒకవైపు నెట్టి ఊరుకోలేదు, కళ్ళముందు ఏముందో తెలిసిపోయాక వాళ్ళు వినడమే తగ్గించేశారు.

ఆ పేజీ చదివి పుస్తకం పక్కన పెట్టాను. షాపులో నిలబడ్డ ఆవిడ గొంతు గుర్తొచ్చింది. దాంతోపాటు కాఫీ కూడా గుర్తొచ్చింది.

*

తెర వెనక విన్నవాళ్ళకి నచ్చే స్పీకరు ఎలా ఉంటుంది? పుస్తకం చెప్పే సమాధానం పైకి చాలా చప్పగా ఉంటుంది. లోతైన స్వరాలనుంచి కీచు స్వరాల దాకా ఏదీ ఎక్కువ కాకుండా, ఏదీ తక్కువ కాకుండా, తనకి అందించింది అందించినట్టు పలికేది. గ్రాఫులో చూస్తే దాదాపు సమంగా ఉన్న గీత.

అయితే ఎదురుగా ఒక మైకు పెట్టి ఒక గీత గీస్తే చాలదు. స్పీకరు ముందుకే కాదు, పక్కలకీ, పైకీ, కిందకీ, వెనక్కీ పలుకుతుంది. మామూలు గదిలో మన చెవికి చేరేదాంట్లో చాలా భాగం గోడలకీ నేలకీ కప్పుకీ తగిలి వచ్చేదే. ఎదురుగా చక్కగా పలికి, పక్కలకి వంకరగా పలికే స్పీకరు గదిలో వంకరగానే వినబడుతుంది. అందుకే స్పీకరుని పది డిగ్రీల చొప్పున అడ్డంగా ఒక చుట్టూ, నిలువుగా ఒక చుట్టూ తిప్పుతూ మొత్తం 70 కొలతలు తీస్తారు. వాటినుంచి నాలుగైదు గీతలు తయారుచేస్తారు. ఆ గీతలన్నీ నునుపుగా, ఒకదానికొకటి పోలికగా సాగాలి.

గీతలో కనబడే గుబ్బలన్నీ చెవికి ఒకేలా అందవు. సన్నగా, నిటారుగా లేచిన ముల్లు కంటికి భయంకరంగా ఉంటుంది, చెవి చాలాసార్లు దాన్ని పట్టించుకోదు. వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్న ఉబ్బు కంటికి ఆనదు, పాటని మాత్రం అదే పాడుచేస్తుంది. ఈ సంగతి ఏ మైకూ చెప్పదు. మనుషుల్ని కూర్చోబెట్టి, వినిపించి, అడిగితేనే తెలిసింది. కాబట్టి ఈ పుస్తకంలో కొలత చెవి మీద పెత్తనం చేయదు. ఏది కొలవాలో, దేనికి ఎంత విలువివ్వాలో చెవే దానికి నేర్పింది. పీఎంపీఓకీ దీనికీ తేడా ఇదే. ఆ అంకెని ఏ చెవీ పరీక్షించలేదు.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరూ అసలు గాయనిని ఎదురుగా వినలేదు. రికార్డింగు ఎలా ఉండాలో వాళ్ళకి తెలియదు. మరి ఏ స్పీకరు నిజం పలుకుతోందో ఎలా పట్టుకున్నారు?

టూల్ జవాబు ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన. ఒక్క పాటతో అయితే పట్టుకోలేరు. కానీ పాటలు మారుతూ ఉంటాయి. మగగొంతు, ఆడగొంతు, డ్రమ్ములు, పియానో. నాలుగు పాటలు అయ్యేసరికి, పాట ఏదైనా సరే ప్రతిదానికీ అంటుకుని వస్తున్న ఒక రంగు తెలుస్తుంది. అందరూ కాస్త ముక్కుతో పాడుతున్నట్టో, అందరూ కుండలోంచి మాట్లాడుతున్నట్టో ఉంటుంది. మారుతున్నది సంగీతం. మారకుండా ప్రతిదాని వెంటా వస్తున్నది పెట్టె. ఆ విడమర్చడం చెవి తనంతట తానే చేసుకుంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

*

ఒలివ్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. 2004లో 70 స్పీకర్ల కొలతలు తీసుకుని, జనం వాటికి తెర వెనక విని వేసిన మార్కులు పక్కన పెట్టి, కొలతలు చూసి మార్కులు ముందే చెప్పే సూత్రం ఒకటి కట్టాడు. దాని జోస్యానికీ నిజంగా పడ్డ మార్కులకీ ఉన్న పొంతన 0.86. పూర్తిగా కలిస్తే 1, ఏ సంబంధమూ లేకపోతే 0. ఇంకోలా చెప్పాలంటే, మార్కుల్లో కనబడ్డ తేడాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ గీతల్లోనే ఉన్నాయి. స్పీకరు ఎంత లోతు స్వరాల దాకా దిగగలదన్న ఒక్క విషయమే ఆ సూత్రంలో సుమారు 30 శాతం బరువు మోస్తుంది.

మిగిలిన నాలుగో వంతు చూపించి "అదిగో, కొలతకి అందని రహస్యం" అనాలని నాకూ ఉంది. కానీ ఆ వంతులో మనుషుల అలసట ఉంది, పరధ్యానం ఉంది, ఒకరోజు వేసిన మార్కు ఇంకోరోజు వేయకపోవడం ఉంది. అదంతా రహస్యమే అనడం నిజాయితీ కాదు.

ఒలివ్‌దే 2003 నాటి ఇంకో అధ్యయనం సమీక్షకులకి సూటిగా తగులుతుంది. వినడంలో శిక్షణ పొందినవాళ్ళనీ, పొందనివాళ్ళనీ కలిపి 268 మందిని పరీక్షించారు. విద్యార్థులు, స్పీకర్లు అమ్మేవాళ్ళు, ఆడియో పత్రికలకి సమీక్షలు రాసేవాళ్ళు అందులో ఉన్నారు. ఏ స్పీకరు ముందు, ఏది వెనక అన్న వరసలో అన్ని గుంపులూ దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. శిక్షణ పొందినవాళ్ళ అభిరుచి వేరే కాదు. వాళ్ళు తేడాని స్పష్టంగా పట్టుకున్నారు, మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పారు. సమీక్షకులకి ఆ స్థిరత్వం రాలేదు. ఏళ్ళ తరబడి వింటూ, రాస్తూ ఉన్నంతమాత్రాన చెవి పదునెక్కదని దీని అర్థం. తప్పు చెప్పినప్పుడు తప్పని వెంటనే తెలిసే చోట చేసిన సాధనతోనే ఆ పదును వస్తుంది. సమీక్షకుడికి తప్పని చెప్పేదెవరు?

టూల్ తనని కూడా ఈ లెక్కలోంచి మినహాయించుకోలేదు. వినికిడి కొంచెం తగ్గినా తీర్పులు నిలకడగా రావని తన పరిశోధనలోనే తేలింది. వయసుతో తన చెవీ మందగించాక, పరీక్షల్లో వినేవాడిగా కూర్చోవడం మానేశాడు. పేరున్న ఏ విమర్శకుడైనా అలా తప్పుకున్నాడా అని ఆలోచించాను. ఎవరూ గుర్తురాలేదు.

*

పుస్తకంతో నాకు తగువులు కూడా ఉన్నాయి.

మొదటిది, చెప్పిందే మళ్ళీ చెబుతాడు. ఒక అధ్యాయంలో గెలిచిన వాదన తర్వాతి అధ్యాయంలో ఇంకోసారి గెలుస్తుంది. ఖరీదైన తీగలూ ఉపకరణాలూ కొని మురిసిపోయేవాళ్ళ మీద విసుర్లు మొదట్లో నవ్విస్తాయి, పోనుపోను బరువవుతాయి.

రెండోది, ఈ పరిశోధనలో చాలా భాగం స్పీకర్లు అమ్ముకునే కంపెనీ డబ్బుతో జరిగింది. జేబీఎల్ లాంటి పేర్లు ఆ కంపెనీవే. 2017లో దాన్ని శాంసంగ్ కొనుక్కుంది. అసలు ఫలితాలు అంతకుముందే ప్రభుత్వ ప్రయోగశాలలో వచ్చాయనీ, తర్వాతవి కూడా బాహాటంగా ప్రచురించారనీ టూల్ పక్షాన చెప్పొచ్చు. అది నిజమే. అయినా పాఠకుడు ఒక కన్నేసి ఉంచడంలో తప్పులేదు. ఈ పుస్తకం నేర్పే పాఠమే అది.

మూడోది గది. సుమారు 200, 300 హెర్ట్జ్ కిందకి వచ్చేసరికి స్పీకరు కంటే గదే ఎక్కువ మాట్లాడుతుందని పుస్తకమే వివరంగా చెబుతుంది. గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని లోతైన స్వరాలు ఒక మూల ఉబ్బుతాయి, ఇంకో చోట మాయమవుతాయి. కుర్చీ రెండడుగులు జరిపితే బేస్ మారిపోతుంది. కానీ ఈ పుస్తకం ఎక్కువగా ఊహించుకునే గది ఉత్తర అమెరికా ఇల్లు: చెక్క చట్రం, దానిమీద జిప్సం పలకలు, కింద తివాచీ. ఆ పలకలు తామే కొంచెం అదిరి లోతైన స్వరాలని కొంత మింగేస్తాయి. మన ఫ్లాటులో ఇటుక, కాంక్రీటు, నేల నిండా టైల్స్. ఏ గోడా ఏమీ మింగదు. నా హాల్లో సోఫా మీద కూర్చుంటే మృదంగం తొప్పి గుమ్మడికాయ దొర్లినట్టుంటుంది, డైనింగ్ టేబుల్ దగ్గర వలంతల ఒక్కటే వినబడుతుంది. స్పీకరు ఎంపికకి పుస్తకం ఇచ్చిన సలహా ఇక్కడా పనికొస్తుంది. గది గురించి ఇచ్చిన సలహాని మాత్రం మన గోడలకి తగ్గట్టు తిరిగి లెక్కేసుకోవాల్సిందే.

నాలుగోది అసలైనది. జనానికి నచ్చడం వేరు, అసలుకి దగ్గరగా ఉండడం వేరు. టూల్ ఒక మాటనుంచి ఇంకో మాటకి సులువుగా దాటేస్తాడు. చాలావరకూ రెండూ ఒక్కచోటే కలుస్తాయని చూపించడమే ఆయన విజయం, ఒప్పుకుంటాను. కానీ 'అసలు' అనేది ఎక్కడుంది? దీనికి ఆయనే ఒక పేరు పెట్టాడు, అయోమయ వలయం అని చెప్పుకోవచ్చు. స్పీకర్లు మంచివో కాదో రికార్డింగులు విని తేలుస్తాం. ఆ రికార్డింగుల్ని స్టూడియోలో ఇంకేవో స్పీకర్లలో వింటూ తయారుచేస్తారు. ఆ స్పీకర్లు వంకరవైతే పాటలోకి ఎదురు వంకర చేరుతుంది. యమహా ఎన్ఎస్-10 అని, తెల్ల కోనుతో ఉండే చిన్న స్పీకరు 1978లో ఇళ్ళ కోసం వచ్చింది. ఇళ్ళలో పెద్దగా ఆదరణ దొరకలేదు. ప్రపంచమంతటా స్టూడియోల్లో మాత్రం బల్లల మీదకెక్కి కూర్చుంది. బేస్ తక్కువ, మధ్య స్వరాలు ముందుకి పొడుచుకొస్తాయి. 2001లో తయారీ ఆగిపోయేదాకా దాని మీద ఎన్ని పాటలు సర్దారో లెక్కలేదు. ఆ పాటల్లో గాయకుడి గొంతెంత, ఆ తెల్ల కోను ఎంత? సమంగా పలికే స్పీకరు ఆ పాటలోని వంకరని కూడా సమంగానే పలుకుతుంది.

ఇందుకే టూల్ ఆడియో పెద్దమనుషులు చిన్నచూపు చూసే బేస్, ట్రెబుల్ బొత్తాలని వెనకేసుకొస్తాడు. ఒలివ్ బృందం 2013లో వినేవాళ్ళ చేతికే ఆ బొత్తాలిచ్చి చూసింది. అక్కడ ఏకాభిప్రాయం సడలింది. శిక్షణ లేనివాళ్ళు ఎక్కువ బేస్ పెట్టుకున్నారు, మనిషికీ మనిషికీ తేడా పెరిగింది. మన సామెతకి ఈ శాస్త్రం ఇచ్చిన చోటు అంతే, ఒక బొత్తాం తిప్పేంత.

*

ఇంతా చదివాక సాహిత్య పాఠకుడికి ఒక ప్రశ్న మిగులుతుంది. స్పీకర్లకి తెర కట్టినట్టు కవితలకి కడితే?

కట్టారు. కేంబ్రిడ్జ్‌లో ఐ.ఎ. రిచర్డ్స్ 1920లలో కవుల పేర్లు తీసేసి, విద్యార్థులకి కవితలిచ్చి, ఏమనిపించిందో రాయమన్నాడు. 13 కవితల మీద వచ్చిన స్పందనలతో 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అచ్చయింది. అక్కడ ఏకాభిప్రాయం రాలేదు. పెద్ద కవుల్ని తీసిపారేశారు, అనామక పద్యాల్ని మెచ్చుకున్నారు, ఒకే పంక్తిని నలుగురు నాలుగు రకాలుగా చదివారు, సాదా అర్థం దగ్గరే చాలామంది తడబడ్డారు.

రెండు చోట్లా తెర ఒకటే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. స్పీకర్ల దగ్గర తెర మనుషుల్ని దగ్గరికి చేర్చింది. కవితల దగ్గర చెల్లాచెదురు చేసింది. ఎందుకని కొన్నాళ్ళు ఆలోచించాను. స్పీకరు కళ కాదు, కళని మోసుకొచ్చేది మాత్రమే అని టూల్ పదేపదే అంటాడు. కిటికీ అద్దం మురికిగా ఉందా లేదా అన్నదాంట్లో పదిమంది ఒక మాట మీదకి రాగలరు. కిటికీ బయట కనిపించేది అందంగా ఉందా అంటే రాలేరు, రానక్కర్లేదు కూడా. జిహ్వకో రుచి అన్న మాట బయటి దృశ్యానికి చెల్లుతుంది. నేను దాన్ని అద్దానికి కూడా వాడుకుంటూ వచ్చాను. అనువాదం తప్పులతడకగా ఉన్నా, అచ్చు పుస్తకంలో ఎడిటింగ్ లేకపోయినా, నా వాక్యమే నలిగిపోయి ఉన్నా, "అభిరుచి భేదం" అని తప్పించుకున్నాను.

అయితే తెర రెండు చోట్లా ఒకే పని చేసిందని కూడా అనిపిస్తుంది. పేరు కనబడుతున్నప్పుడు మన అభిప్రాయంలో ఆ పేరు చేసిన పని ఎంతో రెండు చోట్లా బయటపెట్టింది. రిచర్డ్స్ విద్యార్థులకి కవుల పేర్లు తెలిసి ఉంటే ఎంత హాయిగా, ఎంత ఏకగ్రీవంగా మెచ్చుకునేవారో ఊహించవచ్చు. వాళ్ళు చదవాల్సిన పని కూడా ఉండేది కాదు.

*

సంక్రాంతికి అక్కావాళ్ళు వచ్చినప్పుడు నేనే బావని అడిగాను, చేసి చూద్దామని. ఆయన తన పుస్తకాల అరలో పెట్టుకునే చిన్న స్పీకర్ల జత కార్లో వేసుకొచ్చాడు. నా వాటి ధరలో ఎనిమిదో వంతు. హాల్లో బట్టలారేసే తాడు కట్టి దానిమీద అక్క పాత నూలు చీర వేశాం. "నా చీరలు ఇందుకు పనికొచ్చాయన్నమాట, మీరు పెట్టిందెప్పుడూ లేదుగానీ" అంది అక్క బావతో. ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది కాబట్టి, నేను కూర్చునే చోట ఫోన్ పెట్టి రెండు జతల శబ్దాన్నీ సమానం చేశాడు బావ. ఘంటసాల పాట ఒకటి, ఇళయరాజా పాట ఒకటి, వీణ కచేరీ ఒకటి. ఏ జత మోగుతోందో ఆయనకి తెలుసు, నాకు తెలియదు. నోరెత్తొద్దని ఆయనకి చెప్పాను. పన్నెండుసార్లు మార్చాడు.

ఇళయరాజా పాటలో బేస్ గిటార్ వచ్చినప్పుడు పెద్దవాటికే మొగ్గాను. ఘంటసాల గొంతు దగ్గర నాలుగింట మూడుసార్లు చిన్నవాటికి. వీణ దగ్గర నా మాటకి నిలకడే లేదు, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి. దీన్ని ప్రయోగం అంటే టూల్ నవ్వుతాడు. ఒక్క మనిషి, ఒక్క చీర, ఇంకా అందులో బావ. కానీ నెలరోజులపాటు నేను అందరికీ చెప్పిన ఆ 'లోతు' చీర వెనకనుంచి రాలేదు. ఆ మాట నేను మళ్ళీ వాడలేదు.

స్పీకర్లు అమ్మలేదు. వాటిని చూస్తే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. చీర తీసేసి వింటే మళ్ళీ లోతుగానే ఉంటాయి, ఆ ఆనందం అబద్ధం కాదు. మా ఇంట్లో ఎవరూ తెర కట్టుకుని పాటలు వినరు. అది పరీక్షకి పనికొచ్చేది, బతకడానికి కాదు. ఏది స్పీకరు ఇస్తున్న ఆనందం, ఏది నేను పెట్టిన డబ్బు ఇస్తున్న ఆనందం అన్నది ఎవరికైనా చెప్పేముందు నాకు తెలిసి ఉండాలి, అంతే.

తెర వెనక నాలుగు పాటలు వింటే పెట్టె రంగు తెలుస్తుందని టూల్ అన్నాడు కదా. పండగ వెళ్ళాక నేను రాసిన సమీక్షలు తీసి, వరసగా, ఒకే మధ్యాహ్నం చదివాను. మొత్తం పదకొండు. పుస్తకాలు వేరు, రచయితలు వేరు, ఒకటి కవిత్వం, ఒకటి కథలు, ఒకటి అనువాదం. ఏడింట్లో 'ఆర్ద్రత' ఉంది. ఆరింట్లో 'సాంద్రత'. పేరున్న కవి పుస్తకానికి 'జీవితానుభవం పండిన' అని రాశాను. మొదటి పుస్తకం వేసుకున్న ఒకమ్మాయికి 'ముందుముందు మంచి కవిత్వం ఆశించవచ్చు' అని రాశాను. ఆ రెండు పుస్తకాలూ అరలోంచి తీశాను. అట్టలకి వార్తాపత్రిక చుట్టాను. పేర్లున్న మొదటి పేజీలు క్లిప్పు పెట్టి మూసేశాను. నాకు తెలిసిన పుస్తకాలే కాబట్టి ఇదీ సరైన పరీక్ష కాదు. అయినా చదువుతున్నాను. ఇప్పటికి సగం అయింది. ఆ అమ్మాయి పుస్తకానికి నేను బాకీ ఉన్నాను.